రోలింగ్ స్టోన్స్ అరవై ఏళ్ల లెక్క: తాళం ఎవరిది, హక్కు ఎవరిది

ఏదైనా స్ట్రీమింగ్ యాప్‌లో బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్‌లు రెండు తెరిచి, పేజీ అడుగున ఉండే సన్న అక్షరాలు చదవండి. 1969 నాటి ‘లెట్ ఇట్ బ్లీడ్’ కింద ఆబ్‌కో అని ఉంటుంది. 1972 నాటి ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ కింద ప్రోమోటోన్ బి.వి. అని ఉంటుంది. రెండింటికీ తేడా మూడేళ్లు. పాడింది అదే మిక్ జాగర్, గిటార్ అదే కీత్ రిచర్డ్స్, డ్రమ్స్ అదే చార్లీ వాట్స్. యజమానులు మాత్రం వేరు. మొదటిది అలెన్ క్లైన్ అనే అమెరికన్ మేనేజరు స్థాపించిన కంపెనీ. రెండోది ఈ బ్యాండు తన రాబడి కోసం నెదర్లాండ్స్‌లో పెట్టుకున్నది.

1962 నుంచి ఈ బ్యాండు ఎలా నిలబడిందని అడిగితే చాలామంది జాగర్ ఒంట్లోని చురుకు గురించో, రిచర్డ్స్ తట్టుకున్న మత్తుమందుల గురించో చెబుతారు. అవి కబుర్లకు బాగుంటాయి. అసలు కారణాలు రెండు. వాయించేటప్పుడు ఎవరి వెనక ఎవరు నడవాలో వీళ్లకు మొదట్లోనే కుదిరింది. 1960ల్లో పాటలు చేజారాక, ఏ రాబడి ఎవరి చేతిలో ఉండాలో తెలిసొచ్చింది. ఈ రెండు పోగులూ విడదీస్తే మిగతా కథంతా దానంతటదే విడిపోతుంది.

డెక్కా కంగారు, క్లైన్ ఎత్తు

1961 అక్టోబరు 17న డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో జాగర్, రిచర్డ్స్ చిన్నప్పటి పరిచయం మళ్లీ కలిసింది. జాగర్ చంకలో షికాగోలోని చెస్ కంపెనీ రికార్డులున్నాయి, చక్ బెర్రీవి, మడ్డీ వాటర్స్‌వి. బ్రయన్ జోన్స్ చొరవతో బ్యాండు తయారై, మడ్డీ వాటర్స్ పాటలోంచి పేరు తీసుకుని, 1962 జులై 12న లండన్ మార్కీ క్లబ్‌లో మొదటి కచేరీ చేసింది. ఆ డిసెంబరులో బేస్ గిటార్‌కి బిల్ వైమన్, 1963 జనవరిలో డ్రమ్స్‌కి చార్లీ వాట్స్ చేరారు. పియానో వాయించే ఇయాన్ స్టూవర్ట్‌ను, ఆరుగురు ఎక్కువనీ అతని వాలకం పోస్టరుకు నప్పదనీ మేనేజరు పక్కకు తప్పించాడు. స్టూవర్ట్ అలిగి వెళ్లిపోలేదు. 1985లో చనిపోయేదాకా బ్యాండు సామాను చూసుకుంటూ, పాటల్లో పియానో వాయిస్తూ ఉండిపోయాడు.

ఆ మేనేజరు ఆండ్రూ లూగ్ ఓల్డమ్. 1963లో వయసు పందొమ్మిది. అంతకు ముందు ఏడాదే బీటిల్స్‌ను కాదని నాలుక కరుచుకున్న డెక్కా రికార్డు కంపెనీ, మళ్లీ అలాంటి తప్పు జరగకూడదన్న కంగారులో ఉంది. ఓల్డమ్ ఆ కంగారును వాడుకుని అప్పట్లో అరుదైన షరతు పెట్టాడు. రికార్డింగ్ ఖర్చు తన కంపెనీ భరిస్తుంది, మాస్టర్ టేపు, అంటే అసలు రికార్డింగ్, తన కంపెనీదే, డెక్కాకు దాన్ని లీజుకిస్తారు. మామూలుగా ఖర్చు లేబుల్ (రికార్డు కంపెనీ) పెడుతుంది, టేపు లేబుల్‌దే అవుతుంది. ఇక్కడ రాయల్టీ శాతం పెరిగింది, స్టూడియోలో డెక్కా పెత్తనం తప్పింది.

కానీ ఇందులో ఒక లొసుగు ఉంది. టేపు మేనేజర్ల కంపెనీదే తప్ప బ్యాండుది కాదు. 1965లో వచ్చిన క్లైన్ డెక్కాతో కూర్చుని 12.5 లక్షల డాలర్ల అడ్వాన్సు రాబట్టాడు. కుర్రాళ్లు పొంగిపోయారు. అయితే బ్యాండుకు ఇంగ్లండ్‌లో నాంకర్ ఫెల్జ్ మ్యూజిక్ అనే కంపెనీ ఉండేది. క్లైన్ అదే పేరుతో అమెరికాలో ఇంకో కంపెనీ తెరిచాడు, అది అతనిది. డబ్బు అందులోకి వెళ్లి, బ్యాండుకు ఏళ్ల తరబడి వాయిదాల్లో వచ్చేలా కాగితాలు రాశారు. 1967లో ఓల్డమ్ తప్పుకున్నాక అతని వాటా కూడా క్లైన్ దగ్గరికే చేరింది. 1970లో బ్యాండు అతన్ని వదిలించుకుంది. కోర్టు గొడవలు 1972లో రాజీకొచ్చేసరికి, అరవైల నాటి రికార్డింగులూ పాటల ప్రచురణ హక్కులూ ఆబ్‌కో దగ్గరే ఉండిపోయాయి. 1971లో వచ్చిన ‘బ్రౌన్ షుగర్’, ‘వైల్డ్ హార్సెస్’ పాటల్లోనూ ఆబ్‌కోకు సగం పాలు ఉంది. ఎందుకంటే అవి రికార్డయింది 1969 డిసెంబరులో, క్లైన్ ఉన్నప్పుడు.

పాట మీద రెండు హక్కులుంటాయని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఒకటి ఆ రికార్డింగ్ మీద, రెండోది బాణీ, సాహిత్యం మీద. ఒకటి కొని రెండోది మరిచిపోతే ఏమవుతుందో 1997లో ద వర్వ్ అనే బ్రిటిష్ బ్యాండుకు తెలిసింది. ‘బిట్టర్ స్వీట్ సింఫనీ’లో వాళ్లు వాడుకున్నది స్టోన్స్ పాట ‘ద లాస్ట్ టైమ్’కు ఓల్డమ్ ఆర్కెస్ట్రా చేసిన రూపం. రికార్డింగ్‌కు అనుమతి తీసుకున్నారు. బాణీ హక్కు దగ్గర క్లైన్ అడ్డుకుని రాబడి మొత్తం రాయించుకున్నాడు, రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు పడ్డాయి. రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కు తన పాట 2019లో గానీ తిరిగి రాలేదు.

కొత్తగా వినేవాళ్లను తికమక పెట్టే ఇంకో సంగతి కూడా ఈ కాలానిదే. 1967 చివరిదాకా ఆల్బమ్‌లు ఇంగ్లండ్‌లో ఒక రకం, అమెరికాలో ఒక రకం. 1966 నాటి ‘ఆఫ్టర్‌మ్యాత్’ ఇంగ్లిష్ ముద్రణలో 14 పాటలు, అమెరికన్ దాంట్లో 11. అమెరికన్ దాంట్లో మొదటి పాటే ‘పెయింట్ ఇట్ బ్లాక్’, ఇంగ్లిష్ దాంట్లో అది అసలు లేదు. ఇంగ్లండ్‌లో విడి సింగిల్‌గా కొన్న పాటను మళ్లీ ఆల్బమ్‌లో అమ్మడం మర్యాద కాదనుకునేవారు. అమెరికాలో రాయల్టీ పాటకింత చొప్పున కట్టాలి కాబట్టి పాటలు తగ్గించి, హిట్ సింగిల్ చేర్చి అమ్మేవారు. 1967 డిసెంబరు నుంచి రెండు దేశాల్లోనూ ఒకటే ముద్రణ. సంకలనాలదీ ఇదే తీరు. ఆబ్‌కో వేసిన ‘హాట్ రాక్స్’ 1971తో ఆగిపోతుంది. రెండు కాలాల పాటలూ ఒకే పెట్టెలో మొదటిసారి వచ్చింది 2002 నాటి ‘ఫార్టీ లిక్స్’లో, పాత యజమానితో బేరం కుదిరాక.

ఐదు తీగలు

ఇక సంగీతం. 1968 దాకా రిచర్డ్స్ గిటార్ మామూలు శ్రుతిలోనే ఉండేది. ‘శాటిస్‌ఫాక్షన్’లో మనకు బాగా తెలిసిన ఆ బరబర శబ్దం మాస్ట్రో ఫజ్ టోన్ అనే పెడల్‌ది. ఆ వరస ఊదే వాయిద్యాలకు ఇద్దామనే అతను అనుకున్నాడు, గుర్తుకోసం గిటార్‌తో వేసి ఉంచాడు, అదే విడుదలైంది. ‘స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్’లో ఎలక్ట్రిక్‌లా గర్జించేవి నిజానికి అకూస్టిక్ గిటార్లు. చిన్న ఫిలిప్స్ క్యాసెట్ రికార్డరు తట్టుకోలేనంత గట్టిగా అందులోకి వాయించి, పగిలిన ఆ ధ్వనిని చిన్న స్పీకరులోంచి వినిపించి, ముందు మైకు పెట్టి పెద్ద టేపులోకి ఎక్కించారు.

ఆ తర్వాతే అసలు మలుపు. ఐదు తీగల బాంజో నుంచి బ్లూస్ గిటారిస్టులకు అందిన ‘ఓపెన్ జి’ శ్రుతిని రిచర్డ్స్ రై కూడర్ వాయిస్తుండగా చూసి పట్టుకున్నాడు. గిటార్ ఉన్నవాళ్లు ఇప్పుడే చేసి చూడొచ్చు. అన్నిటికన్నా లావైన ఆరో తీగ తీసేయండి. ఐదో తీగను ఎ నుంచి జికి, ఒకటో తీగను ఇ నుంచి డికి దించండి. నాలుగు, మూడు, రెండు ముట్టుకోవద్దు. ఇప్పుడు మిగిలినవి జి, డి, జి, బి, డి. ఎడమ చేయి పెట్టకుండా మీటితే జి మేజర్ పలుకుతుంది.

చూపుడు వేలు ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద అడ్డంగా వేస్తే సి మేజర్. ఆ వేలు కదపకుండానే మధ్యవేలు రెండో తీగ ఆరో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు నాలుగో తీగ ఏడో ఫ్రెట్‌లో పెట్టండి. ఎఫ్ వినిపిస్తుంది. రెండు వేళ్లూ ఎత్తండి, మళ్లీ సి. ‘స్టార్ట్ మి అప్’ మొదలయ్యేది ఈ ఎత్తుడూ దింపుడుతోనే. ‘బ్రౌన్ షుగర్’, ‘హాంకీ టాంక్ విమెన్’ లాంటివీ ఈ కుటుంబానివే. ‘టంబ్లింగ్ డైస్’కు నాలుగో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే పట్టీ) బిగించాలి.

నేర్చుకునేవాళ్లు నాలుగు చోట్ల తప్పటడుగు వేస్తారు. ఆరో తీగను తీసేయకుండా డికి దించి ఉంచేస్తారు. అప్పుడు కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) అడుగున జి బదులు డి మోగి, బేస్ గిటార్‌తో తగవు పడుతుంది. రెండోది, మామూలు సన్న తీగలే ఉంచేస్తారు. దించిన తీగలు వదులై, గట్టిగా మీటగానే శ్రుతి జారిపోతుంది. 11 నుంచి 42 దాకా మందమున్న ఐదు తీగలు వేస్తే నిలుస్తుంది. మూడోది, యాంప్ మీద డిస్టార్షన్ ఎక్కువ పెడతారు. స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. కావలసింది గట్టిగా కొట్టినప్పుడు మాత్రమే చిరిగే ధ్వని, ఫెండర్ ట్విన్ లాంటి యాంప్‌లో వచ్చేది. నాలుగోది బి తీగ. ట్యూనర్ సరిగా ఉందన్నా చెవికి కాస్త పైన ఉన్నట్టు అనిపిస్తుంది. వెంట్రుకవాసి దించితే కార్డ్ కుదురుతుంది. ఇంకోటి, పాట పాటకూ శ్రుతి మారుస్తూ స్టేజీ మీద నిలబడటం కుదరదు. అందుకే రిచర్డ్స్ వెనక గిటార్ల వరస, వాటికో మనిషి. వాటిలో ‘మికాబర్’ అని పేరు పెట్టుకున్న పాత టెలికాస్టర్ పూర్తిగా ఈ ఐదు తీగలకే.

ఈ శ్రుతి ఇచ్చిన అసలు బలం ఖాళీ. కార్డ్‌లో స్వరాలు తక్కువ, కింది ధ్వని లేదు. ఆ ఖాళీలో రెండో గిటార్, పియానో, శాక్సఫోన్ ఇరుక్కోకుండా ఇముడుతాయి.

డ్రమ్మర్ వెనక నడిచే బ్యాండు కాదు

చాలా రాక్ బ్యాండుల్లో డ్రమ్స్ కాలం పెడితే మిగతావాళ్లు దాన్ని పట్టుకుంటారు. స్టోన్స్‌లో కాలం రిథమ్ గిటార్‌ది. మన కచేరీలో మృదంగం గాయకుణ్ణి కనిపెట్టుకుని ఉన్నట్టు వాట్స్ రిచర్డ్స్‌ను కనిపెట్టుకుని ఉండేవాడు. గిటార్‌కు ఒక రవ్వ వెనకగా డ్రమ్స్ పడతాయి. ఆ రవ్వంత తేడాతోనే పాట ఊగుతున్నట్టు, ఎప్పుడు తూలిపోతుందో అన్నట్టు ఉంటుంది. లెక్క తప్పకుండా టిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకుని ఈ పాటలు వాయించే బ్యాండులు స్వరం తప్పకుండా వాయించినా పాట చప్పబడిపోవడం ఇందుకే.

వాట్స్ చేతివాటం ఒకటి వీడియోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కుడి చేత్తో హై హ్యాట్ (జంట తాళాలు) మీద నాలుగు లెక్కల ఆవర్తానికి ఎనిమిది దెబ్బలు వేయాలి. ఎడమ చేయి రెండు, నాలుగు లెక్కల మీద స్నేర్ డ్రమ్ కొట్టేటప్పుడు అతను కుడి చేయి పైకి ఎత్తేస్తాడు. ఎనిమిదికి ఆరే పడతాయి. స్నేర్ ఒంటరిగా, శుభ్రంగా వినిపిస్తుంది. అతను జాజ్ మనిషి, జీవితాంతం జాజే వినేవాడు. బలం చూపించాలన్న తాపత్రయం లేకపోవడం అక్కడి నుంచే వచ్చింది. ‘హాంకీ టాంక్ విమెన్’ మొదట్లో నిర్మాత జిమ్మీ మిల్లర్ వేసే కౌబెల్, ఆ వెంటనే వచ్చే డ్రమ్స్ ఒకదానికొకటి ఖచ్చితంగా అతకవు. అతికించి ఉంటే ఆ పాటకు అంత అందం ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

రెండో గిటార్ మారినప్పుడల్లా బ్యాండు మారింది. బ్రయన్ జోన్స్ ఏ వాయిద్యమైనా పట్టుకునేవాడు. ‘పెయింట్ ఇట్ బ్లాక్’లో సితార్, ‘అండర్ మై థంబ్’లో మరింబా అతనివే. 1969 జూన్‌లో బ్యాండు అతన్ని తప్పించింది, జులై 3న చనిపోయాడు, రెండు రోజులకు హైడ్ పార్క్ కచేరీ. అప్పటికే చేరిన ఇరవయ్యేళ్ల మిక్ టేలర్ సాగే రాగాలు తీసే సోలో వాద్యకారుడు. ఒకరు కాలం, ఒకరు రాగం అని పని విడిపోయింది. బ్యాండు అత్యుత్తమ రికార్డులు ఆ ఐదేళ్లవే. 1974 డిసెంబరులో టేలర్ వెళ్లిపోయాక వచ్చిన రాన్ వుడ్‌తో మళ్లీ ఎవరు ఏ వరస వాయిస్తున్నారో తెలియనంత అల్లిక.

లారీ, నేలమాళిగ, పన్ను

క్లైన్‌ను వదిలించుకునేనాటికి బ్యాండు చేతిలో పేరు తప్ప పెద్దగా ఏమీ లేదు. బాకీ పన్నులు మాత్రం ఉన్నాయి. బ్రిటన్‌లో పై అంచె ఆదాయంపై పన్ను తొంభై శాతం చుట్టూ ఉండేది. ప్రిన్స్ రూపర్ట్ లోవెన్‌స్టీన్ అనే బ్యాంకరు లెక్కలు చూసి, దేశం వదలడమే దారి అన్నాడు. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది. 1971లో ఆ తేదీకి ముందే అందరూ ఫ్రాన్స్ చేరారు. రాయల్టీలు నెదర్లాండ్స్ కంపెనీల గుండా రావడం అప్పుడు మొదలైన ఏర్పాటే. 2007 దాకా లోవెన్‌స్టీన్ వీళ్ల డబ్బు చూశాడు. ఈ కథలో గిటార్ పట్టని వాళ్లలో అతని కన్నా ముఖ్యుడు లేడు.

అక్కడ సరైన స్టూడియో దొరక్క, విల్‌ఫ్రాంష్‌లో రిచర్డ్స్ అద్దెకు తీసుకున్న నెల్‌కోట్ భవనం నేలమాళిగలో రికార్డింగ్ పెట్టారు. బయట వాకిట్లో ఒక లారీ. కంట్రోల్ రూమును లారీలో అమర్చుకుంటే ఎక్కడైనా రికార్డు చేయొచ్చన్న ఆలోచన ఇయాన్ స్టూవర్ట్‌ది. దాన్ని అద్దెకూ ఇచ్చేవారు. లెడ్ జెప్పెలిన్ బ్యాండు వాడింది. స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో డీప్ పర్పుల్ బ్యాండు వాడింది, ‘స్మోక్ ఆన్ ద వాటర్’లో ప్రస్తావన ఈ లారీ గురించే.

లారీ బాగుంది, నేలమాళిగ బాగా లేదు. వేసవి ఉక్కకు తీగల శ్రుతి పాట మధ్యలోనే జారిపోయేది. గదులు చిన్నవి కాబట్టి వాయించేవాళ్లు తలో గదిలో ఉండేవారు. ఇంజనీరు ఆండీ జాన్స్‌కు లారీలోంచి ఎవరూ కనిపించరు. ఏదైనా చెప్పాలంటే మెట్లు దిగి పరుగెత్తాలి. వేళకు అందరూ రారు. ‘హ్యాపీ’ అనే పాట ఎవరొచ్చారో వాళ్లతోనే అయిపోయింది. పాడింది రిచర్డ్స్, డ్రమ్స్ నిర్మాత మిల్లర్, శాక్సఫోన్ బాబీ కీస్. ఆ టేపులన్నీ లాస్ ఏంజెలెస్ తీసుకెళ్లి కొత్త గొంతులు, వాయిద్యాలు చేర్చి 1972 మేలో ‘ఎగ్జైల్’ విడుదల చేశారు. గొంతు వాయిద్యాల్లో మునిగిపోయిన ఆ మసక ధ్వని మొదట విమర్శకులకు నచ్చలేదు. ఈనాడు చాలామంది వీళ్ల శిఖరం ఇదే అంటారు, నేనూ అంటాను.

సొంత లేబుల్ గుర్తుగా వాడిన నాలుక బొమ్మ గీసింది జాన్ పాష్ అనే లండన్ విద్యార్థి, 50 పౌండ్లకు. జాగర్ అతనికి చూపించిన నమూనా కాళికాదేవి చిత్రపటం. 1971లో ఆ లేబుల్ మొదటి ఆల్బమ్ ‘స్టికీ ఫింగర్స్’ అట్ట మీద ఆండీ వార్హోల్ ఆలోచన ప్రకారం నిజమైన జిప్పు కుట్టారు. పెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చగానే జిప్పు కొక్కెం పై రికార్డులో దిగబడి, ‘సిస్టర్ మార్ఫీన్’ పాట దగ్గర గాడి దెబ్బతింది. జిప్పును ముందే సగం కిందికి లాగి పంపితే, నొక్కు పాటల మీద కాకుండా మధ్యనున్న కాగితం మీద పడింది. సమస్య తీరింది.

రోడ్డు మీద

1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో జరిగిన దాన్ని అరవైల అంతంగా చెప్పే రాతలు చాలా ఉన్నాయి. స్టేజీ కొలత చూస్తే ఎక్కువ అర్థమవుతుంది. వేదిక చివరి నిమిషంలో మారింది. మొదట అనుకున్న చోట స్టేజీ గుట్ట పైన, జనం కింద. అందుకని మీటరు ఎత్తు చాలనుకున్నారు. ఆల్టమాంట్‌లో స్టేజీ పల్లంలో పడింది. సుమారు మూడు లక్షల మంది వాలులోంచి దాని మీదికి ఒరిగారు. కంచె లేదు. కాపలా హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠాకు అప్పగించారు. మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి వాళ్లలో ఒకడు స్టేజీ ముందే పొడిచి చంపాడు.

1981 కచేరీ యాత్రకు ముందు ఆల్బమ్ కావాలి, జాగర్‌కూ రిచర్డ్స్‌కూ కలిసి రాసే ఓపిక లేదు. ఇంజనీరు క్రిస్ కిమ్సీ పాత టేపులన్నీ తవ్వాడు. రెగెలో డజన్ల సార్లు వాయించి వదిలేసిన ‘స్టార్ట్ మి అప్’కు ఒక రాక్ ప్రయత్నం దొరికింది. ‘వెయిటింగ్ ఆన్ ఎ ఫ్రెండ్’ అయితే జమైకాలో వాయించి పక్కన పడేసిన పాట, మిక్ టేలర్ ఉన్న కాలానిది. జాగర్ కొత్తగా పాడాడు, బాబ్ క్లియర్‌మౌంటెన్ మిక్సింగ్‌తో అన్నీ ఒకే ఏడాదివిలా వినిపించాయి. ‘టాటూ యూ’ అలా పుట్టింది. ఆ యాత్రకు జోవాన్ అనే అత్తరు కంపెనీ స్పాన్సరు, పెద్ద రాక్ యాత్రల్లో అది కొత్త.

1980ల మధ్యలో జాగర్ సోలో ఆల్బమ్‌లకు వెళ్లడంతో బ్యాండు దాదాపు విరిగింది. 1989లో తిరిగి కలిసినప్పుడు కెనడా ప్రమోటరు మైకేల్ కోల్ కొత్త బేరం పెట్టాడు. అంతకు ముందు ఊరూరికీ వేరే ప్రమోటరు ఉండి, ఒక్కో కచేరీ కొనేవాడు. కోల్ యాత్ర మొత్తం గుత్తకు తీసుకున్నాడు. టికెట్లు, టీ షర్టులు, స్పాన్సరు, టీవీ అన్నీ ఒక్క లెక్కలోకి వచ్చాయి. బ్యాండుకు ముందే పూచీ దొరికింది. స్టేడియం యాత్రలో ఇనుప స్టేజీ నిలబెట్టడానికి రోజులు పడుతుంది కాబట్టి ఒకటికి మించి చట్రాలుంటాయి. ఒక ఊళ్లో కచేరీ నడుస్తుండగా తర్వాతి ఊళ్లో ఇంకోటి లేస్తుంటుంది. స్పీకర్లు, లైట్లు మాత్రం ఒక్క జత, అవి రాత్రికి రాత్రి కదులుతాయి. ఆ 1989 యాత్ర ‘స్టీల్ వీల్స్’కు మార్క్ ఫిషర్ గీసిన స్టేజీ నుంచి ఇవాళ్టి పెద్ద యాత్రలన్నీ ఈ పద్ధతిలోనే. వీళ్లు మన దేశం వచ్చింది కూడా ఇలాంటి యాత్రలోనే, 2003 ఏప్రిల్‌లో బెంగళూరు, ముంబయి. 2005 నుంచి 2007 దాకా నడిచిన ‘ఎ బిగ్గర్ బ్యాంగ్’ యాత్ర రాబడి 55.8 కోట్ల డాలర్లు. అరవైల పాటల రికార్డులు ఎన్ని అమ్ముడైనా మాస్టర్ల డబ్బు ఆబ్‌కోది. అవే పాటలు స్టేడియంలో పాడితే టికెట్ డబ్బు బ్యాండుది. ఎనభై దాటినా యాత్రలు మానకపోవడానికి ఇది చిన్న కారణం కాదు.

2021 ఆగస్టు 24న వాట్స్ 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. వాట్స్ తన బదులు రమ్మన్న స్టీవ్ జోర్డన్ 1980ల చివర్నుంచి రిచర్డ్స్ సోలో బ్యాండులో వాయించినవాడు. దెబ్బ ముందుకు తోస్తుంది, వెనక్కి లాగదు. పాటలు బిగుతయ్యాయి, ఆ పాత ఊగిసలాట తగ్గింది. 2023 అక్టోబరులో వచ్చిన ‘హాక్నీ డైమండ్స్’లో రెండు పాటల్లో వాట్స్ ఉన్నాడు. ‘లివ్ బై ద స్వోర్డ్’ అనే పాటలో బిల్ వైమన్ కూడా ఉన్నాడు. ఆ రెండు రకాల కాలమూ ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన వినొచ్చు. 2024 యాత్రకు స్పాన్సరు ఏఏఆర్‌పీ, అమెరికాలో యాభై దాటినవాళ్ల సంఘం.

సభ్యత్వం విషయంలో మాత్రం ఈ బ్యాండు చేయి విప్పదు. 1975 నుంచి వాయించిన రాన్ వుడ్‌కు, 1993లో వైమన్ వెళ్లిపోయాక గానీ లాభంలో వాటా రాలేదు, అప్పటిదాకా జీతమే. వైమన్ స్థానంలో వచ్చింది మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన డారిల్ జోన్స్. వైమన్ ఉన్న కాలం కంటే ఇతను ఉన్న కాలమే ఇప్పుడు ఎక్కువ. అయినా బ్యాండు ఫొటోలో ఉండేది ముగ్గురే, జోన్స్ ఇంకా జీతం మీదే వాయిస్తున్నాడు.